రాక్షసులు కట్టలేదు, మనుషులే కట్టారు

అనంతపురం కరువు నేలలో, కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో బండలు నిలబెట్టి పైన కప్పుబండ వేసిన పాత సమాధులున్నాయి. రెండు వేల ఏళ్ళు దాటినవి. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో, దామరవాయి దగ్గర కూడా ఇలాంటివే ఉన్నాయి. వాటికి జనం పెట్టిన పేరు రాక్షస గుళ్ళు. మనుషులు కట్టారని ఒప్పుకోవడానికి ఎందుకో అంత కష్టం!

పోయినోళ్ళ పేరున రాయి నాటే ఆచారం కోయల్లో ఉంది. ఆ సమాధులు వాళ్ళ తాతలవేనని నేననడం లేదు, అది తవ్వకాల్లో తేలాలి. కానీ తవ్వడానికి వచ్చే సార్లు బండల కొలతలతో పాటు గూడెం పెద్దల మాట కూడా రాసుకోవాలి కదా. రాయి ఎవరు మోస్తారు, ఎటు తిప్పి నాటుతారు, ఆ రోజు ఏం వండుతారు? గడ్డపార పట్టడానికి పిలిచే మనవాళ్ళను ఇది చెప్పడానికీ పిలవండి. త్వరగా పిలవండి. గుప్తనిధుల పిచ్చోళ్ళు బండలు పగలగొడుతున్నారు, ముసలోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.