సాత్త్వికాహారం – పుష్యమాసపు అంగడి

సాత్త్వికాహారమనగానే సాధకులకు ఉల్లి, వెల్లుల్లి వర్జనమే స్ఫురిస్తుంది. గీత 17వ అధ్యాయంలో భగవానుడు పదార్థాల పేర్లు చెప్పలేదు. సరసత్వం, స్నిగ్ధత, హృద్యత అనే గుణాలనే చెప్పాడు. రసహీనమై నిల్వ ఉన్నదాన్ని తామసమన్నాడు. ఉల్లిని త్యజించి, ఫ్రిజ్‌లోని మొన్నటి కూరను వేడిచేసి భుజించే మనకు ఏ సత్త్వశుద్ధి?

పుష్యమాసంలో నవాబుపేట ప్రాంతపు అంగళ్లకు పచ్చి కందికాయలు, అనపకాయలు, రేగుపండ్లు వస్తాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ జిల్లాదే. ఉడికించిన కందికాయలను, నువ్వులద్దిన సజ్జరొట్టెను పేదల తిండి అని పూజాగృహం వెలుపలే నిలిపాము. దూరదేశపు ఆపిల్‌కు మాత్రం పెద్దపీట వేశాము. ఇది భక్తి కాదు, ఆడంబరం.

ఈ ఒక్క మాసం, ఆనాటి అంగడిలో లభించినదాన్నే వండి నివేదించండి. ఏమీ దొరకనినాడు వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి చాలు.