కింద స్వరం ఎవరు పట్టుకున్నారు?



ఈ మాట మన మందిరంలో గిటార్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. పాడే పెద్దలు కూడా చదవండి, ఇది మీ గొంతు సంగతే.

శ్రమదినాల్లో మనం మైనర్ పాటలు ఎక్కువ పాడుకుంటాం. మైనర్ కార్డుకు మూడు స్వరాలు. వాటికి ఏడో స్వరం, తొమ్మిదో స్వరం కలిపితే మైనర్ 9. ‘ఏ’ మైనర్ 9లో ‘ఏ, సీ, ఈ, జీ, బీ’ అని అయిదు ఉంటాయి. ఈ అయిదూ తన గిటార్ మీదే మోగాలని చాలామంది తంటాలు పడతారు. బేస్ గిటార్ తోడున్నప్పుడు ఆ అవసరం లేదని నా అభిప్రాయం.

నాలుగు, మూడు, రెండు తీగలను 5వ ఫ్రెట్‌లో చూపుడువేలితో అడ్డంగా నొక్కండి. మొదటి తీగను 7వ ఫ్రెట్‌లో నొక్కండి. ‘జీ, సీ, ఈ, బీ’ పలుకుతాయి. బేస్ వాయించే తమ్ముడు ‘ఏ’ పట్టుకుంటే ఇద్దరూ కలిసి ‘ఏ’ మైనర్ 9 అవుతారు. ఇలా రూట్‌ను బేస్‌కు వదిలి మిగతా స్వరాలను గిటార్ మీద పేర్చడాన్నే రూట్‌లెస్ వాయిసింగ్ అంటారు.

తర్వాత ‘డీ’ మైనర్ 7 వస్తే చెయ్యి దూరం పోనక్కర్లేదు. నాలుగో తీగ 7వ ఫ్రెట్, రెండో తీగ 6వ ఫ్రెట్, మూడో తీగ, మొదటి తీగ 5వ ఫ్రెట్. బేస్‌లో ‘డీ’. గిటార్‌లో ‘సీ’ ఉన్నచోటే ఉంటుంది, మిగతా మూడూ పక్క స్వరానికే జరుగుతాయి.

ఇవన్నీ పట్నం ఆడంబరాలు, మన పల్లెకెందుకు అనేవారున్నారు. నేనలా అనుకోను. ఆరు తీగలూ గట్టిగా కొడితే, వెనక చాప మీద కూర్చుని పుస్తకం లేకుండా పాడే అవ్వ గొంతు మునిగిపోతుంది. నాలుగు తీగలు మెత్తగా మీటితే ఆమె పాట వినబడుతుంది.

అయితే ఒక జాగ్రత్త. కింద ‘ఏ’ లేకుండా అవే నాలుగు స్వరాలు వాయిస్తే అది ‘సీ’ మేజర్ 7. వేళ్లు ఉన్నచోటే ఉన్నాయి, పాటలోని దుఃఖం మాత్రం తేలిపోయింది. గిటార్ ఒక్కటే ఉన్న ఆదివారం ఆరో తీగ 5వ ఫ్రెట్‌లో ‘ఏ’ కూడా మోగించండి, అయిదో తీగను మోగనివ్వకండి.

కాబట్టి రూట్ వదిలేముందు పక్కనున్నవాణ్ణి అడగండి: “తమ్ముడూ, కింద నువ్వు పట్టుకుంటావా?”