రెక్కలు చూసి పేరు పెడతారా?

మా మనవరాలికి సైన్సు ప్రాజెక్టులో రెండు మార్కులు పోయాయి. పోతే పోనివ్వండి, రెండు మార్కులకు కొంపలేం మునగవు. కాని అవి ఎందుకు పోయాయో విన్న దగ్గర్నుంచీ నాకు కడుపు రగిలిపోతోంది.

"మీ చుట్టుపక్కల కనిపించే పది సీతాకోకచిలుకల ఫొటోలు తీసి పేర్లు రాయండి" అన్నారట బళ్ళో. పిల్ల తొమ్మిదింటికి పేర్లు రాసింది. పదోది మా పెరట్లో నూరువరహాల పూల మీద వాలినది. నల్లటి రెక్కలు, వెనక రెక్కల నడుమ తెల్లమచ్చలు, అంచున ఎర్రచుక్కలు, చివర చిన్న తోకలు. రెక్కలు దివ్యంగా పడ్డాయి. ఒళ్ళు మాత్రం పూలగుత్తి చాటున ఉండిపోయింది. ఆ ఫొటో కింద పిల్ల రాసినది ఇది: "ఇది కామన్ రోజ్ కావచ్చు, కామన్ మార్మన్ ఆడది కావచ్చు. ఒళ్ళు కనబడలేదు కనుక చెప్పలేను."

టీచరుగారు దాన్ని కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో "కామన్ రోజ్" అని రాశారు. ఫొటో చూపిస్తే పేరు చెప్పే యాప్ ఉందిగా ఫోన్లో, అది అలాగే చెప్పిందట.

అయ్యా, ఆ ఫోను ఎవరి దగ్గర చదువుకుందంటారు? మనలాంటివాళ్ళు పేర్లు తగిలించి పెట్టిన ఫొటోల దగ్గరే గదా! మనం తప్పు నేర్పితే అది తప్పే అప్పజెబుతుంది, పైగా తడుముకోకుండా.

అసలు ఈ రెండింటి కథ వినండి. రోజ్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ, దాని జాతి మొక్కల ఆకులు తిని పెరుగుతుంది. అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. మార్మన్ పురుగు తినేది మన కరివేపాకు, నిమ్మాకు. దానికి విషమూ లేదు, పాడూ లేదు. అందుకని మార్మన్ ఆడవాటిలో కొన్ని రోజ్ వేషం కట్టాయి. కొన్ని క్రిమ్సన్ రోజ్ అనే ఇంకోదాని వేషం కట్టాయి. మరికొన్ని ఏ వేషమూ లేకుండా తమ మగవాటిలాగే ఉంటాయి. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి రెండు రకాల ఆడవి రావచ్చు. ఇంత నాటకాన్నీ నడిపించేది 'డబుల్‌సెక్స్' అనే ఒక్క జన్యువని 2014లో కృష్ణమేఘ్ కుంటె, ఆయన సహచరులు తేల్చారు.

ఈ వేషం ఎవర్ని మోసం చేసిందనుకున్నారు? సాక్షాత్తూ లిన్నేయస్‌ని. లోకంలోని ప్రాణులకన్నిటికీ పేర్లు పెట్టబూనిన ఆ మహానుభావుడు 1758లో మగదానికి పామన్ అనీ, వేషం కట్టిన ఆడదానికి పాలిటీస్ అనీ రెండు జాతుల పేర్లు పెట్టేశాడు. ఇవి రెండూ ఒకే కాపురం అని వాలెస్ 1865 నాటి వ్యాసంలో వివరించేదాకా నూరేళ్ళు దాటిపోయాయి. మరి మా పిల్ల ఏడో క్లాసు.

గుర్తు పట్టడం అసాధ్యమని నేననడం లేదు. రోజ్ తల, రొమ్ము పక్కలు, పొట్ట కొస ఎర్రగా ఉంటాయి. మార్మన్ ఒళ్ళు నలుపు. వేషగత్తె రెక్కలకు రంగు పూసుకుంది గాని ఒంటికి పూసుకోవడం మరిచిపోయింది! ఎగిరేటప్పుడు కూడా తెలుస్తుంది. రోజ్ పెళ్ళికి వెళ్తున్నట్టు తాపీగా పోతుంది. మార్మన్ కూడా అలాగే నటిస్తుంది గాని, బెదిరిస్తే చాలు, నటన మరిచి పరుగు లంకించుకుంటుంది. ఫొటోలో పరుగు ఎక్కడ కనిపిస్తుందండీ?

జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్‌దీ ఇదే గొడవ. దాని వేషం కట్టేది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. టైగర్ వెనక రెక్క నడిమి భాగంలో మగదానికి నాలుగు, ఆడదానికి మూడు నల్లచుక్కలుంటాయి. ఎగ్‌ఫ్లైకి ఒక్కటే, అదీ పై అంచున. ముందు రెక్క కాస్త వాల్చిందంటే ఆ ఒక్కటీ కనపడదు. దీని పురుగు తినేది గంగవావిలి కూర. ("మనం పప్పులో వేసుకునేదే?" అంది మా ఆవిడ. అదే.) పసుపుపచ్చ గ్రాస్ యెల్లోల సంగతి ఎత్తను. ముందు రెక్క అడుగున చుక్కలు రెండా మూడా అని లెక్కపెట్టబోతే, అవి రుతువును బట్టి మారుతూ మన ప్రాణం తీస్తాయి.

"పేరు తప్పయితే ఎవరి సొమ్ము పోయింది?" అంటారు. చెబుతాను. ఈశ్వరి తీగ లేనిచోట రోజ్ సంతతి నిలవదు. కంచెలు కొట్టేసి గోడలు కట్టుకున్నాం, తీగ పోయింది, దానితో రోజ్ పోయింది అనుకోండి. కరివేపాకు చెట్టు ఇంటింటా ఉంది కనుక మార్మన్ ఉంటుంది. దాని ఫొటోలన్నిటి కిందా రోజ్ అని రాసుకుంటూ పోతే, చచ్చిపోయినది కాగితాల మీద నిక్షేపంగా ఎగురుతూనే ఉంటుంది. దాన్ని కాపాడాలని ఎవరికి తోస్తుంది?

ఫొటోలతో లాభం లేదు, వల వేసి పట్టి గుండుసూది గుచ్చితేనే శాస్త్రం అనేవాళ్ళతోనూ నాకు పేచీయే. కొన్ని బుల్లి నీలి జాతులకు అది తప్పదేమో గాని, మన పెరటివాటికి అంత దారుణం అక్కర్లేదు. రెక్కల పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, పక్కనుంచి ఒళ్ళు ఒకటి తీయండి. ఏ మొక్క మీద గుడ్డు పెట్టిందో, ఏ నెలలో చూశారో రాసుకోండి. ఇవేవీ లేకపోతే, ఏడో క్లాసు పిల్ల రాసినట్టు "చెప్పలేను" అని రాయండి.

మొన్న ఆదివారం మళ్ళీ వచ్చిందండీ ఆ నల్లరెక్కలది, అవే పూల మీదికి. ఈసారి పిల్ల పక్కనుంచి తీసింది. ఒళ్ళు నల్లగా నిగనిగలాడుతోంది.

"చూశావుటే, మార్మన్! ఈ ఫొటో పట్టుకెళ్ళి మీ టీచరుగారికి చూపించు" అన్నాను ఉత్సాహంగా.

"ఆ వేళ వాలింది ఇదేనని ఎవరు చెప్పారు తాతయ్యా?" అంది.