చిన్ననాటి నాలుక

మార్కాపురము ప్రాంతమునందలి యొక గ్రామమున మేము కొర్రసాగును గూర్చి చెప్పుచుండగా ఒక వృద్ధరైతు లేచి, "అయ్యా, తమరి యింట నేమి వండుదురు?" అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. ఆ యుదయమున మేము తినినది తెల్లని వరియన్నము.

సోదర రైతులారా, మాకు సాకు లేకపోలేదు. కంభము చెరువు క్రింది మాగాణి వంటివి విడిచినచో గిద్దలూరు, మార్కాపురము సీమ మెట్టనేలయే గదా. మా తాతలు సజ్జసంగటి, కొర్రన్నము, జొన్నరొట్టె తినినవారు. వరియన్నము పండుగకును, చుట్టమునకును. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చుటతో పేదవాని పొయ్యిమీదికి నిత్యము వరియన్నము వచ్చెను. ఆకలి తీర్చిన యా బియ్యమును నిందించుట కృతఘ్నత. అయితే ఆ యేండ్లలో పెరిగిన మావంటివారు తెల్లయన్నము గౌరవమనియు, సంగటి లేమికి గుర్తనియు నేర్చుకొంటిమి. మిషను పాఠశాలలో సంగటిముద్ద తెచ్చుకొనిన బాలుని జూచి మేమందరము నవ్వితిమి. ఆ నవ్వు తలచిన నేటికిని సిగ్గగుచున్నది.

మిక్కిలి తెలుపగునట్లు మరపట్టిన బియ్యమునుండి తవుడును, దానితో పీచును, బి విటమినులలో పెక్కుపాలును పోవును. నలుబదియేండ్లు దాటిన పిమ్మట వైద్యుడు మా రక్తమున చక్కెర హెచ్చినదని చెప్పగా, మేము మొదట తలచుకొనినది మా తల్లి ప్రేమతో మారు వడ్డించిన యన్నమును. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదను సామెతయు జ్ఞప్తికి వచ్చెను. ఎంత సుఖమైన సామెత! కాని యేడేండ్ల బాలుని నోటికి ముద్ద పెట్టినది తల్లిచేయి. నలుబదియైదేండ్లవాని నోటికి ముద్ద పెట్టుచున్నది వాని చేయియే.

కొర్రన్నము తినినంతనే మధుమేహము మాయమగునని చెప్పువారిని నమ్మవలదు. మందు మానరాదు, కొర్రన్నమైనను కుప్పగా తినరాదు. మేము చేసినదెల్ల రాత్రిపూట వరికి బదులు కొర్రలు వండించుట, అన్నము తగ్గించి కూరయు పప్పును హెచ్చించుట. మొదటి వారము గొంతు దిగలేదు, మజ్జిగతో మ్రింగితిమి. రెండవ నెలలో రుచి తెలిసెను.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినపుడు సభలందు మేమును చాల మాటలాడితిమి. సభలు ముగిసెను, పండించిన కొర్రలు సంతకును, కొనిన బియ్యము పొయ్యికిని పోవుచునే యున్నవి. ఇంటికై రెండు మూటలు నిలుపుకొనుటకు ఎవరి యుత్తరువును అక్కరలేదు.

మా చిన్నవాడు పళ్ళెమును ఇంకను ప్రక్కకు నెట్టుచున్నాడు. కోపపడుట మాని, వాని యెదుటనే కూర్చుండి తినుచున్నాము. నిన్న రెండు ముద్దలు తినెను. వచ్చు వారము ఆ వృద్ధుని గ్రామమునకు మరల పోవలసియున్నది.