నిరపాయకరమైన గడ్డకు కత్తి అవసరమా?

రొమ్ములో గడ్డ చేతికి తగిలిందనగానే మన ఇళ్ళలో రెండు సలహాలు వినిపిస్తాయి. "వెంటనే తీయించెయ్యి" అన్నది ఒకటి. "పెళ్ళి కావలసిన పిల్లవు, ఎవరితోనూ అనకు" అన్నది రెండవది. ఒకటి భయం వల్ల, మరొకటి సిగ్గు వల్ల పుట్టినవి. రెండింటిలోనూ విచక్షణ లేదు.

యువతులలో కనిపించే ఘనమైన గడ్డలలో అత్యధికం ఫైబ్రోఅడినోమాలు. పాలగ్రంథి కణజాలమూ, దాని చుట్టూ ఉన్న తంతు కణజాలమూ కలిసి పెరగటం వల్ల ఇవి ఏర్పడతాయి. నునుపుగా ఉండి వేలికింద జారుతాయి. ఇవి కాన్సర్ కావు. గర్భిణిగా ఉన్నప్పుడు పెరగవచ్చు. ముట్లుడిగిన పిమ్మట తరచు కుంచించుకుపోతాయి.

అయితే స్పర్శతోనే తీర్పు చెప్పరాదు. వైద్యుని పరీక్ష, అల్ట్రాసౌండ్ లేక మామోగ్రామ్, అవసరమైనచోట సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ, ఇవన్నీ ఏకీభవించాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తొలిసారి వెలువరించిన బైరాడ్స్ వర్గీకరణలో మూడవ తరగతి గడ్డ కాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2కు మించదు. అట్టివాటిని సాధారణంగా 6, 12, 24 నెలలకు మళ్ళీ చిత్రించి చూస్తారు.

ఒక్క కొలతతో రసాయన చర్య వేగం తెలియదు. రెండు కొలతలూ, వాటి నడుమ గడిచిన కాలమూ కావాలి. గడ్డ విషయమూ అంతే. త్వరగా పెరిగేది ఫిల్లోడిస్ కణితి కావచ్చు. సూదితో తీసిన చిన్న ముక్కలో దానిని ఫైబ్రోఅడినోమా నుండి వేరుపరచటం ఒక్కొక్కప్పుడు కష్టం. కనుక పెరుగుతున్న గడ్డను, బాగా పెద్దదైన గడ్డను, పరీక్షలు ఏకీభవించని గడ్డను తీయించటమే మేలు. ఆందోళన భరించలేక తీయించుకొన్నవారిని తప్పుపట్టనవసరం లేదు. తక్కినవారికి శస్త్రచికిత్స మచ్చను మిగులుస్తుందే గాని, మరొకచోట గడ్డ రాదన్న హామీ ఇవ్వదు.

నా అభిప్రాయంలో ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆరు నెలల పరీక్షకు ఆమె తప్పక వెళ్ళగలదా? ప్రవాసులమైన మనకు ఉద్యోగంతో ఊరు మారుతుంది, ఇన్సూరెన్సు మారుతుంది, డాక్టరు మారతాడు. పాత చిత్రం లేనిదే కొత్త చిత్రాన్ని దేనితో పోల్చటం? అందుచేత చిత్రాల నకళ్ళనూ, బయాప్సీ నివేదికనూ పాస్‌పోర్టుతో సమానంగా భద్రపరచుకోవాలి. గడువు పాటించలేమని ముందే తెలిస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పి నిర్ణయం తీసుకోవాలి. గడువు తప్పిన పర్యవేక్షణ ఉపేక్షే అవుతుంది.