ఫే గీసుకున్న మంచం

'కౌబాయ్ బీబాప్' చివరి సంపుటి అనగానే మన మిత్రులకి ఒక్క దృశ్యమే గుర్తొస్తుంది. నాయకుడు స్పైక్ ఒంటరిగా శత్రువుల కోటలోకి నడిచి వెళ్లడం, అడ్డొచ్చినవాళ్లందర్నీ కాల్చడం, ఆఖరికి మెట్లమీద కుప్పకూలడం. ఈమధ్య నిజామాబాద్‌లో ఒక సాయంత్రం నలుగురం కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒక కవిమిత్రుడు దాన్ని 'స్వేచ్ఛకి పరాకాష్ఠ' అన్నాడు. ఎవరి స్వేచ్ఛ అని అడిగాను. 'మీరు ప్రతిదాంట్లో స్త్రీవాదం వెతుకుతారు మేడమ్' అని నవ్వేశాడు. అక్కడ అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది 1998లో జపాన్‌లో మొదలైన 26 భాగాల అనిమే. (బొమ్మల కథ అనగానే పిల్లల సరుకని పక్కకి నెట్టే అలవాటు స్త్రీవాదులమైన మనకీ ఉంది. మన ఇళ్లలో పిల్లలు ప్రేమంటే ఏమిటో, చావంటే ఏమిటో వీటిలోంచే నేర్చుకుంటున్నారు మరి.) కథాకాలం 2071. చంద్రుడి శకలాలు రాలి భూమి పాడుపడింది, మనుషులు వేరే గ్రహాలకి చేరారు. నేరస్తుల్ని పట్టిచ్చి డబ్బు సంపాదించుకునే స్పైక్, జెట్, ఫే, ఎడ్ అనే చిన్నపిల్ల, ఒక కుక్క ఒకే ఓడలో బతుకుతుంటారు.

స్పైక్ ప్రేమించిన జూలియా కథంతా ఒక జ్ఞాపకంగానే తిరుగుతుంది. అతన్ని చంపమన్న ఆజ్ఞని కాదని ఏళ్లతరబడి దాక్కుని బతికిన మనిషి ఆమె. అన్నేళ్లూ ఏం తిని బతికింది, ఎవరికి భయపడింది? కథ అడగదు. చివరికి ఆమె వస్తుంది, ఎక్కడికైనా పారిపోదామంటుంది, డాబామీద తూటా తగిలి చచ్చిపోతుంది. స్పైక్ చావుకి ఒక కారణం కావాలి, అందుకు ఆమె చావాలి.

చావడానికి వెళ్లేముందు స్పైక్ ఒక పిల్లి కథ చెబుతాడు. యోకో సనో అనే రచయిత్రి 1977లో పిల్లల కోసం బొమ్మలు వేసి రాసిన 'పది లక్షల సార్లు బతికిన పిల్లి' కథే దాదాపుగా అది. సనో కథలో తెల్లపిల్లి మగపిల్లితో కాపురం చేస్తుంది, పిల్లల్ని కంటుంది, ముసలిదై పోతుంది. నిండా బతికి పోతుంది! జూలియాకి ఆ ముసలితనం దక్కలేదు. ఆడమనిషి రాసిన కథని అరువు తెచ్చుకున్నారు గానీ అందులోని ఆడపిల్లి ఆయుష్షుని మాత్రం తెచ్చుకోలేదు.

నా దృష్టిలో ఈ గాథకి అసలు ముగింపు 24వ భాగంలో ఉంది, ఫే దగ్గర. ఆమె ప్రమాదంలో చిక్కుకుని 54 ఏళ్లు మంచునిద్రలో ఉంది. లేచేసరికి జ్ఞాపకాలు లేవు, ప్రాణం నిలబెట్టినందుకు 30 కోట్ల వులాంగుల అప్పు మాత్రం ఉంది. ప్రేమ నటించిన లాయరు తన అప్పు కూడా ఆమె నెత్తిన రాసి, చచ్చినట్టు నటించి మాయమయ్యాడు. ఇన్నాళ్లకి గతం గుర్తొచ్చి పుట్టినింటికి పరిగెత్తుతుంది. అక్కడ ఇల్లు లేదు, శిథిలాలే. పుల్లతో మట్టిలో తన మంచమంత గీత గీసుకుని అందులో పడుకుంటుంది. తుపాకీ లేదు, సంగీతపు హోరు లేదు. మన కవిమిత్రుడికి ఈ భాగం గుర్తుకూడా లేదు.

నేను ఆ గీతని బోధన్ శక్కర్‌నగర్‌లో చూశాను. నిజాం కాలంలో కట్టిన చక్కెర ఫ్యాక్టరీ అది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. తర్వాత కొన్నేళ్లకి పాడుబడిన క్వార్టర్లలో నాతో నడిచిన ఒకామె ఒకచోట ఆగి, పిచ్చిమొక్కల మధ్య కాలితో నేలని రాస్తూ 'గీడ పొయ్యి. గీడనే నా మంచముండె మేడం' అంది. కొడుకుని గల్ఫ్‌కి పంపడానికి చేసిన అప్పు ఆమె బీడీలు చుట్టి తీరుస్తోంది. ఆమెకి వీరమరణం పొందే సావకాశం లేదు. సాయంత్రంలోగా చాటలో ఆకు అయిపోవాలి.

'రాసింది ఆడమనిషే కదా' అంటారు. నిజమే, ప్రధాన రచయిత 2021లో చనిపోయిన కెయికో నొబుమొతో. దర్శకుడు షినిచిరో వతనబె మగవాడు, సంగీతమిచ్చిన యోకో కన్నో స్త్రీ. అయితే ఏమిటి? మనం రాసిన కథల్లో ఎంతమంది నాయికల్ని నాయకుడి దుఃఖానికి ఎరువుగా వేశామో ఒకసారి లెక్క చూసుకుందాం. నేనూ వేశాను.

2021లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని నటీనటులతో తీసి లోపాన్ని 'సరిదిద్దింది'. అందులో జూలియా స్పైక్‌ని కాల్చి ముఠాకి తానే అధిపతి అవుతుంది. ఇదా మనమడిగింది? మగవాడి కుర్చీలో ఆడమనిషిని కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటే నేను కొట్టలేను. ఆ కుర్చీ కింద ఎవరి శవాలున్నాయో అప్పుడూ చూపించలేదు.

చివరి భాగంలో ఫే స్పైక్‌కి అడ్డంగా నిలబడి తుపాకీ గురిపెడుతుంది. జ్ఞాపకాలు తిరిగొచ్చినా వాటివల్ల ఒరిగిందేమీ లేదని, ఈ ఓడ తప్ప తనకి మరో చోటు లేదని, ఎందుకు వెళ్తున్నావని అడుగుతుంది. అతను తన కళ్ల గురించి ఏదో తాత్త్వికంగా చెప్పి వెళ్లిపోతాడు. ఆమె పైకప్పులోకి కాలుస్తుంది, ఒకటి తర్వాత ఒకటి. కెమెరా అతని వెంట వెళ్లిపోతుంది. ఆ కప్పుకి చిల్లులు ఎవరు పూడ్చారో, ఆ అప్పు ఎన్నేళ్లకి తీరిందో నాకు 27వ భాగం కావాలి.