దొరకలేదు అంటే లేదని కాదు

ఈ పేజీలలో సాధారణంగా ఒక పుస్తకం గురించి రాస్తాను. ఈసారి ఒక పెట్టె గురించి రాయాలి. ఆ పెట్టెను నేను చూడలేదు. దాచిన మనిషి తప్ప మరొకరెవరూ చూసినట్టు దాఖలా కూడా లేదు. అయినా రెండు వారాలుగా అది నన్ను వదలడం లేదు.

నేనుండే ఖురియాత్ మస్కట్‌కు ఆగ్నేయంగా, ఒమన్ సముద్రపు ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ కొల్లగొట్టిన ఊళ్లలో ఇదొకటి. ముందు చేపల పడవలు, ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ల మధ్య గుట్టమీద కావలి బురుజు. వెనక తూర్పు హజర్ పర్వతాలు. మాతో పనిచేసే నర్సు కుర్రవాడొకడు, పిఠాపురం వైపు వాడు, ఈమధ్య జియోకాషింగ్ అనే ఆటలో పడ్డాడు. ఒక శుక్రవారం నన్నూ కొండల మీదికి బయల్దేరదీశాడు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. 2000 మే మొదటి వారం దాకా అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాల స్థాన సంకేతాలను సామాన్యులకు కావాలనే కొంత చెరిపి ఇచ్చేది. చేతిలోని పరికరం చూపిన చోటికీ అసలు చోటికీ 100 మీటర్ల దాకా తేడా ఉండేది. మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను అందరికీ ప్రకటించాడు. ఆ బకెట్‌లో ఒక తిండి డబ్బా, ఉండేలు, కొంత డబ్బు వగైరాలతోపాటు పుస్తకాలు కూడా ఉన్నాయట. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని కనుక్కున్నాడు. అక్కడి నుండి ఆట ప్రపంచమంతా పాకింది. పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. కనుగొన్నవారు అందులో పేరు, తేదీ రాసి, పెట్టెను ఉన్నచోటే ఉంచి రావాలి. అంతే.

లక్షలాది పెట్టెలలో అధిక భాగం దాచిన కొద్దికాలానికే ఎవరికో ఒకరికి దొరుకుతాయి. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. 2002లో రిచర్డ్ గారియట్ అనే ఆయన అట్లాంటిక్ సముద్రంలో సుమారు 2300 మీటర్ల లోతున, వేడినీటి బుగ్గల దగ్గర ఒకటి వదిలి వచ్చాడు. ఆయనే 2008లో అంతరిక్ష కేంద్రంలో మరొకటి పెట్టాడు. ఆకాశంలోని దాన్ని 2013లో రిక్ మాస్ట్రాకియో అనే వ్యోమగామి చేరుకున్నాడు. సముద్రపు అడుగున ఉన్నదాని దగ్గరకు వెళ్లాలంటే జలాంతర్గామి కావాలి. కానీ నన్ను పట్టి కుదిపినవి అలాంటి గొప్పవారి పెట్టెలు కావు. ఏ సామాన్యుడో ఎండలో కొండెక్కి, ఒక ప్లాస్టిక్ డబ్బాను రాళ్ల మధ్య పెట్టి, ఎవరైనా రాకపోతారా అని నమ్మి దిగిపోయినవి. మేము వెతకబోయింది అలాంటిది. నమోదై ఎన్నో ఏళ్లయింది. కనుగొన్నవారి జాబితా ఖాళీ.

సముద్రం పక్కన ఫిన్స్ దాకా వెళ్లి, అక్కడి నుండి సెల్మా పీఠభూమి వైపు ఎక్కే రాతిబాట పట్టాము. బండి ఆగిపోయిన చోట దిగి నడిచాము. చూపించిన బిందువు చుట్టూ మూడు గంటలు ప్రతి రాతి సందూ తడిమాము. నీళ్లు అయిపోవచ్చాయి. కుర్రవాడు ఒక బండ నీడన కూలబడి, "సార్, అసలు ఉందంటారా?" అన్నాడు.

అటుగా మేకలను తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. నాకు వచ్చిన అరబ్బీలో సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "ఈ కొండలో దేనికోసం వచ్చినవాడికి అదే కనబడుతుంది డాక్టర్" అన్నాడు. నీళ్ల కోసం వచ్చినవాడికి నీళ్లు, మేక కోసం వచ్చినవాడికి మేక.

ఆ మాట ఆ కొండకు సరిగ్గా సరిపోతుంది. ప్రపంచంలోని అతిపెద్ద గుహాంతర్భాగాలలో ఒకటైన మజ్లిస్ అల్ జిన్, అంటే జిన్నుల కొలువు, అదే పీఠభూమి కింద ఉంది. దాని నేల వైశాల్యం 58 వేల చదరపు మీటర్లు. పైకప్పులో మూడు రంధ్రాలు తప్ప లోపలికి దారి లేదు. భూగర్భ జలాల పరిశోధనలో భాగంగా సున్నపురాతి పొరలను వెతుకుతున్న డాన్ డేవిసన్ 1983లో దాన్ని 'కనుగొన్నాడు' అని గ్రంథాలు చెబుతాయి. ఆయన సాహసం తక్కువది కాదు; 100 మీటర్లకు పైగా తాడు మీద చీకట్లోకి దిగాడు. కానీ ఆ రంధ్రాలు కాపరులకు ముందే తెలుసు. ఆ చోటికి వాళ్ల పేరు వాళ్లకుంది: ఖోషిలత్ మఖందేలీ. 'ఎవరికీ దొరకలేదు' అనే వాక్యం చదివినప్పుడల్లా ఎవరి జాబితాలో అని అడగాలి.

మా పెట్టె సంగతికి వస్తాను. ఈ ఆటలో ఒక మంచి ఆచారముంది. వెతికి విఫలమైనవారు కూడా ఆ సంగతి నమోదు చేయాలి: వెళ్లాను, వెతికాను, దొరకలేదు. సిగ్గుపడి దాచకూడదు. పెట్టె లేదని తీర్పు చెప్పకూడదు. తరువాత వచ్చేవారికీ, దాచినవారికీ ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగం. ఆ రాత్రి కుర్రవాడు ఫోనులో "పెట్టె లేదు" అని రాయబోతుంటే, అడక్కుండానే అతని చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు అంత గట్టిగా ఆపానో అతనికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను ఈ దేశానికి కొత్త. అప్పుడు పని మరో ఊళ్లో. మేకలు కాచుకునే ఒక వృద్ధుడు వారాల తరబడి వచ్చిపోయే జ్వరంతో, నడుము నొప్పితో వచ్చాడు. రక్తం కల్చర్‌కు పంపాను. కొన్ని రోజులకు 'ఏమీ పెరగలేదు' అని జవాబు వచ్చింది. నేను కేసు కాగితం మీద 'ఇన్‌ఫెక్షన్ లేదు' అని రాసి, నొప్పి మాత్రలిచ్చి పంపేశాను. రెండు నెలల తరువాత కొడుకు అతన్ని ఎత్తుకుని తెచ్చాడు. బ్రూసెల్లోసిస్. పచ్చిపాల ద్వారా, పశువుల ద్వారా సోకే జబ్బు. ఆ సూక్ష్మజీవి మెల్లగా పెరుగుతుంది. దాన్ని అనుమానిస్తున్నామని ప్రయోగశాలకు ముందే చెప్పి, ఎక్కువ రోజులు ఉంచమని అడగాలి. నేను అడగలేదు. పాలు కాచి తాగుతావా అని ఆ ముసలాయన్నీ అడగలేదు. అప్పటికి జబ్బు వెన్నుపూసను తినేసింది. మందులతో బతికాడు కానీ నడుము మళ్లీ నిటారు కాలేదు. మా పెద్ద డాక్టరు కాగితం తిరగేసి, "ప్రయోగశాల కనబడలేదంది. లేదని రాసింది నువ్వు" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. ఆ వాక్యం ఇంకా వినబడుతూనే ఉంటుంది.

తెలుగు సాహిత్యానికీ ఇలాంటి కేసు కాగితం ఒకటుంది. 1816లో మద్రాసులో ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఏ.డి. కాంప్‌బెల్ తిరుమల కోవెలలోని రాగిరేకుల ప్రస్తావన చేశాడు. ప్రాచీన వ్యాకరణ గ్రంథాల అన్వేషణలో ఆయన వాటిని పరిశీలింపజేశాడు. ఆయన దృష్టిలో వాటిలో అధిక భాగం దైవస్తోత్రాలు తప్ప మరేమీ కాదు. అక్కడితో ఆ ప్రసక్తి ముగిసింది. ఆ 'స్తోత్రాలు' అన్నమయ్యవీ, తాళ్లపాక వంశీకులవీ. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి ప్రకటించేదాకా ఆ వేలాది పాటలు రాగి మీదే ఉండిపోయాయి. కాంప్‌బెల్ పెట్టె దగ్గరకు వెళ్లాడు, మూత కూడా తీశాడు. కానీ ఆయన వెతుకుతున్నది వ్యాకరణం. ఆయన్ను తప్పుపట్టను. నేనూ వెతికింది మామూలు జ్వరాన్నే.

ఇటువైపు, అందరికీ కనబడుతూనే దొరకని పెట్టెలూ ఉంటాయి. ఒమన్ రచయిత్రి జోఖా అల్‌హార్తీ నవల 'సయ్యిదాత్ అల్ ఖమర్' అరబ్బీలో 2010లో వచ్చింది. నేనప్పుడు ఈ దేశంలోనే ఉన్నాను. మెరిలిన్ బూత్ ఇంగ్లీషు అనువాదం 2018లో వచ్చి, మరుసటి ఏడు అంతర్జాతీయ బుకర్ బహుమతి గెలిచాకగానీ ఆ పుస్తకం ఉందని నాకు తెలియలేదు. రోగులతో రోజూ మాట్లాడేపాటి అరబ్బీ నాకు వచ్చు. వాళ్ల కథ చదివేపాటి అరబ్బీ నేర్చుకోలేదు. ఒమన్‌లో సాహిత్యమేముంది అని ఒకప్పుడు మిత్రులతో తేలికగా అన్నవాణ్ణి నేనే.

ఇదంతా దాచినవారి పక్షాన వకాల్తాగా తోస్తుందేమో. కాదు. దొరకని పెట్టెలను చెత్తగా భావించేవారి వాదనలో బలముంది. ఈ కొండల్లో వాదీలు, అంటే ఎండిన ఏటి దారులు, ఒక్క వానకు నదులవుతాయి. 2007 జూన్‌లో గోను తుపాను ఖురియాత్‌ను ముంచెత్తినప్పుడు రోడ్లే కొట్టుకుపోయాయి. ఒక ప్లాస్టిక్ డబ్బా ఏపాటి? అందుకే ఈ ఆట నియమావళి మరో మాట చెబుతుంది: దాచినవాడు తిరిగి వెళ్లి చూడగల దూరంలోనే దాచాలి, సెలవులకు వచ్చిన ఊళ్లో దాచి ఎగిరిపోకూడదు. మా పెట్టె యజమాని బహుశా నాలాంటి ప్రవాసే. ఒప్పందం ముగిసి స్వదేశం వెళ్లి ఉంటాడు. ఎవరూ చేరలేని చోట దాచడం గొప్ప కాదు. చేరదగిన చోట దాచి, దారి సరిగ్గా చెప్పి, అప్పుడప్పుడూ వెళ్లి చూసుకోవడమే కష్టం.

ఈ మాట తగలవలసింది ముందు నాకే. మా ఇంట్లో ఆరేడు వందల తెలుగు పుస్తకాలున్నాయి. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ బరువు చూసుకుంటూ తెచ్చుకున్నవి. పదవీ విరమణకు ఎంతో కాలం లేదు. వాటిని ఎవరికిస్తారని మా ఆవిడ అడిగితే, అమ్మాయి ఉంది కదా అన్నాను. అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. డ్యూటీల మధ్య అక్షరాలు నేర్పించే తీరిక నాకు లేకపోయింది. అంటే ఒక గది నిండా పెట్టెలు దాచి, వాటి దారి ఒక్కదాన్నీ ఆమెకు చెప్పలేదన్నమాట. 'ఈతరం తెలుగు చదవదు' అని నేను సభల్లో అన్న మాట కూడా ఆ కేసు కాగితం లాంటిదే. చదవడం నాకు కనబడలేదు. చదవదు అని రాసింది నేను.

పుస్తకాల గురించి రాసే మనందరికీ ఒక సూచన చేస్తాను. మనం మెచ్చుకున్న పుస్తకాల గురించి రాస్తాం, మిగిలినవాటి గురించి మౌనంగా ఉంటాం. వెతికి విఫలమైన సంగతి ఎవరం రాయం. ఫలానా కథల సంపుటి కోసం విజయవాడలోనూ, హైదరాబాదులోనూ వెతికాను, ప్రతి దొరకలేదు అని రాయండి. ఫలానా నవల ఎనభై పేజీల దగ్గర ఆపేశాను, ఇదిగో ఇక్కడ దారి తప్పాను అని రాయండి. ఇది పుస్తకానికి అవమానం కాదు. మీరు తప్పిన మలుపు దగ్గర మరొకరు సరిగ్గా తిరుగుతారు. ప్రచురణకర్త బతికి ఉంటే ఒక ప్రతి బయటికి తీస్తాడు. రచయిత ఉంటే, ఎవరో ఒకరు అంతదూరం వచ్చారని తెలుస్తుంది. మౌనం ఈ మూడింటిలో ఒక్కటీ చేయదు.

ఆ రాత్రి మేము రాసింది ఇంతే: "ఇద్దరం వెళ్లాము. మూడు గంటలు వెతికాము. తూర్పు వైపు రాళ్లన్నీ చూశాము, పడమటి వైపు సగం చూశాము. దొరకలేదు." చలికాలం వస్తే మిగతా సగం చూద్దామని కుర్రవాడు అంటున్నాడు. కిందటి శుక్రవారం మాత్రం కొండకు వెళ్లలేదు. అమ్మాయికి ఫోను చేసి ఒక కథ చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆపి మాటకు అర్థం అడిగింది. మూడోసారి, ఆ మాట ఎలా రాస్తారో ఫోటో తీసి పంపమంది.